బరువు తగ్గించే శస్త్రచికిత్స తరువాత మెత్తని ఆహారం దశ: మన తీరపు చేపల్లో ఏది ముందు, ఏది తరువాత

బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి వచ్చినవారి చేతిలో ఆసుపత్రి ఇచ్చిన ఆహార పట్టిక ఒకటి ఉంటుంది. ద్రవాల వారాలు, జావలా మెత్తగా రుబ్బిన పదార్థాల వారాలు గడిచాక వచ్చే మెత్తని ఆహారం గడిలో "చేప" అని రాసి ఉంటుంది. కొన్ని పట్టికల్లో సాల్మన్, కాడ్, ట్యూనా అని పేర్లు కూడా ఇస్తారు. ఆ పేర్లు పట్టుకుని శ్రీకాకుళం బజారుకు వెళ్ళినా, విజయనగరం బజారుకు వెళ్ళినా పెద్దగా ఉపయోగం ఉండదు. బారువ, భావనపాడు, కళింగపట్నం, భోగాపురం వైపు తీరం నుంచి మనకు వచ్చేవి చందువాలు, వంజరాలు, మాగలు, కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు, రొయ్యలు, పీతలు. చెరువుల నుంచి శీలావతి, బొచ్చె, కొర్రమీను వస్తాయి. వీటిలో ఏది ముందు తినవచ్చో, ఏది ఇంకొంతకాలం ఆపాలో ఆ పట్టిక చెప్పదు. ఆ లోటు తీర్చడానికే ఈ పోలిక.

మెత్తని ఆహారం దశ ఎక్కువమందికి నాలుగో ఐదో వారంలో మొదలై దాదాపు ఎనిమిదో వారం వరకు సాగుతుంది. స్లీవ్ చేయించుకున్నవారికీ బైపాస్ చేయించుకున్నవారికీ, ఒక సర్జన్‌కూ మరొక సర్జన్‌కూ ఈ తేదీల్లో తేడా ఉంటుంది కనుక, చేప మొదలుపెట్టే రోజు మాత్రం మీ డాక్టరు చెప్పినదే. స్లీవ్‌లో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగిస్తారు; బైపాస్‌లో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మిగిల్చి, దానికి పేగును నేరుగా కలుపుతారు. రెండింటిలోనూ లోపల కుట్లు వేసిన చోటు ఇంకా మానుతూనే ఉంటుంది, దారి ఇరుకుగా ఉంటుంది. మామూలు రోజుల్లో పట్టించుకోకుండా మింగేసే ఎండిన ముక్క, చిన్న ముల్లు ఈ దశలో గంటల తరబడి బాధపెట్టగలవు.

అందువల్ల ఈ కొద్ది వారాల పాటు చేపను ఖరీదును బట్టో, ఇంట్లో దానికున్న గౌరవాన్ని బట్టో ఎంచుకోకూడదు. వండిన ముక్కను చెంచా అంచుతో నొక్కినప్పుడు పొరలు పొరలుగా విడిపోవాలి, విడిపోయిన పొరలో తడి ఉండాలి, ముళ్ళు కంటికి కనిపించేంత పెద్దవై తేలికగా వచ్చేయాలి. ఈ మూడు లక్షణాలనూ కలిపి చూస్తే, చుట్టాలు వచ్చినప్పుడు మనం తెచ్చే వంజరం మొదటి స్థానంలో ఉండదు.

తెల్ల కండ చేపలు: చందువా, మాగ, పండుగప్ప

మెత్తని ఆహారం దశలో మొదటి వారానికి నేను నిస్సంకోచంగా సూచించేది తెల్ల చందువా. దాని కండ సన్నని పొరలుగా ఉంటుంది, కొవ్వు మితంగా ఉంటుంది, మధ్య ముల్లును పైకి లేపితే రెండు వైపులా కండ శుభ్రంగా మిగులుతుంది, వాసన తక్కువ. శస్త్రచికిత్స తరువాత చాలామందికి వాసనలు భరించలేనంతగా తోస్తాయి. అంతకుముందు ఇష్టంగా తిన్న కూర వాసనకే వికారం పుడుతుంది. ఆ స్థితిలో చందువా సౌమ్యంగా ఉంటుంది. నల్ల చందువా కండ కొంచెం గట్టిది కనుక దానిని ఒకటి రెండు వారాలు వెనక్కు జరపడం మంచిది.

మాగ దొరికిన రోజున చందువాకు ఏమాత్రం తీసిపోదు. ఉడికితే వెన్నలా విడుతుంది, ముళ్ళు పెద్దవి, తీయడం సులువు. పండుగప్ప కండ ఈ రెండింటికంటే కాస్త దిట్టంగా ఉంటుంది గాని తడిని బాగా నిలుపుకుంటుంది. చెరువుల్లో కూడా పెంచుతారు కాబట్టి వేటలేని రోజుల్లో దొరికే అవకాశం ఎక్కువ. పెద్ద చేపైతే తోక వైపు కాకుండా పొట్టకు పైనున్న నడుమ భాగం అడగండి. తోక కండ ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది.

వంజరం విషయంలో చాలామంది తడబడతారు. ముళ్ళు తక్కువ, ముక్క అందంగా గుండ్రంగా వస్తుంది, ప్రోటీన్ నిండుగా ఉంటుంది కాబట్టి రోగికి ఇదే శ్రేష్ఠమని ఇంట్లోవారు ప్రేమతో తెస్తారు. కానీ దాని కండ బిగువైనది. రెండు నిమిషాలు ఎక్కువ ఉడికినా పీచు పీచుగా ఎండిపోతుంది, పెనం మీద వేపితే ఇంకా త్వరగా ఎండుతుంది. నమిలినంతసేపు నమిలినా నోట్లో ఉండలా మిగిలే ఆ పీచే సంచి ముఖద్వారం దగ్గర ఆగిపోయేది. వంజరమే కావాలనుకుంటే పొట్ట భాగం తీసుకుని, ఆవిరి మీద ఉడికించి, విడదీసి, పలుచని పప్పుకట్టులో నానబెట్టి ఇవ్వండి. అది కూడా చందువా, మాగ రెండు మూడుసార్లు సాఫీగా దిగిన తరువాతే.

కొవ్వున్న చేపలు: కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు

ధర, పోషణ, మెత్తదనం మూడింటినీ కలిపి చూస్తే ఈ జాబితాలో తగినంత గుర్తింపు దొరకనిది కానాగంత. కొవ్వు ఉన్న చేప కాబట్టి ఉడికినా ఎండదు. ఒమేగా-3 కొవ్వులు, విటమిన్ బి12 బాగా ఉంటాయి. నడుమ ముల్లు తీస్తే రెండు పలకలుగా విడిపోతుంది, పక్క ముళ్ళు తక్కువ. బైపాస్ తరువాత ఆహారం నుంచి బి12 సరిగా ఒంటబట్టదు కనుక డాక్టరు రాసిన మాత్ర గాని సూది గాని మానకూడదు. చేప దానికి తోడు మాత్రమే. కానాగంతకున్న లోపం వాసన. వికారం ఉన్నవారు ఈ దశ రెండో మూడో వారంలో మొదలుపెడితే చాలు.

ఇంకొక జాగ్రత్త అంతకంటే ముఖ్యమైనది. కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు, ట్యూనా, వంజరం వంటి చేపలను పట్టిన తరువాత మంచులో ఉంచకపోతే కండలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఎంత ఉడికించినా, ఎంత వేపినా అది పోదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి ఒకటి రెండు గంటల్లోపు ముఖం ఎర్రబడడం, దురద, తలనొప్పి, వాంతి రావచ్చు. చైత్ర వైశాఖాల ఎండలో, గంపలో మంచు లేకుండా మధ్యాహ్నం దాకా తిరిగిన కానాగంత ఎంత చవకగా వచ్చినా ఈ దశలో ఉన్నవారికి పనికిరాదు.

కవళ్ళు పోషణలో కానాగంతకు సమానమే గాని వెంట్రుకల్లాంటి ముళ్ళు లెక్కలేనన్ని ఉంటాయి. ప్రెషర్ కుక్కర్‌లో చాలాసేపు ఉడికిస్తే ఆ ముళ్ళు మెత్తబడి కాల్షియంగా ఉపయోగపడతాయన్నది నిజమే. అయితే మెత్తబడ్డాయో లేదో ప్రతి ముక్కనూ వేళ్ళతో నలిపి చూడాలి. ఓపిక ఉన్నవారు దశ చివరి వారంలో ప్రయత్నించవచ్చు. నెత్తళ్ళను తలతో, ముల్లుతో తినడం మన అలవాటు. మామిడికాయ వేసిన నెత్తళ్ళ కూర మీద మనవైపు ఉన్న మమకారం నాకు తెలియనిది కాదు. కానీ ముల్లు, పులుపు, కారం మూడూ కలిసిన ఆ కూర మెత్తని ఆహారం కాదు. దానిని మామూలు ఆహారం దశకు వాయిదా వేయండి.

సొర్ర, చెరువు చేపలు, బాసా

సొర్ర పుట్టు చూడడానికి ఈ దశ కోసమే పుట్టిన వంటకంలా ఉంటుంది. ముల్లు లేదు, కండను చిదిమి వండుతారు. బాలింతలకు పిల్ల సొర్ర పెట్టే ఆనవాయితీ ఉంది కాబట్టి ఆపరేషన్ అయినవారికీ అదే మంచిదని పెద్దలు సూచిస్తారు. రెండు కారణాల వల్ల నేను దానిని ముందుకు తేను. ఒకటి, ఇతర చేపలను తిని బతికే పెద్ద జాతి కనుక సొర్రలో పాదరసం పేరుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గర్భం ధరించే ఆలోచన ఉన్నవారు దానిని మానాలన్నది ఆహార భద్రతా సంస్థలు స్పష్టంగా చెప్పే మాట. రెండు, పుట్టును పొడిపొడిగా వచ్చేదాకా నూనెలో వేపుతాము. ఆ పొడిదనమే గొంతు కింద పట్టేస్తుంది. పుట్టు పద్ధతి మీద మనసుంటే అదే అల్లం, వెల్లుల్లితో మాగనో పండుగప్పనో తడిగా చిదిమి వండుకోవచ్చు.

చెరువు చేపల్లో శీలావతి, బొచ్చె రుచికి మంచివే. వాటి కండలో వై ఆకారపు సన్నని ముళ్ళు లోలోపల దాగి ఉంటాయి, ఉడికిన తరువాత కూడా వేళ్ళకు దొరకవు. పొట్ట ముక్కలో ముళ్ళు పెద్దవి, తక్కువ. తప్పనిసరైతే ఆ ముక్క ఒక్కటే తీసుకోండి. కొర్రమీనును పథ్యపు చేపగా పెద్దలు ఎన్నుకోవడంలో అర్థముంది. ముళ్ళు తక్కువ, కొవ్వు తక్కువ, ప్రోటీన్ ఎక్కువ. కండ కొంచెం గట్టిది కనుక నిదానంగా, మూతపెట్టి, నీటి ఆవిరిలో ఉడకాలి.

సూపర్ మార్కెట్‌లో గడ్డకట్టించి అమ్మే బాసా పలకలకు ముల్లూ లేదు, వాసనా లేదు, మెత్తదనానికి లోటు లేదు. ప్రోటీన్ మాత్రం సముద్రపు చేపలకంటే తక్కువ, పలకలో పట్టి ఉన్న నీరు ఎక్కువ. రోజుకు తినగలిగేది గుప్పెడైనా లేనప్పుడు ఈ తేడా లెక్కలోకి వస్తుంది. వేరేదీ దొరకని రోజుకు బాసా సరే.

రొయ్యలా, పీతలా

ప్రోటీన్ లెక్కన చూస్తే రొయ్య ఏ చేపకూ తీసిపోదు, ముల్లు భయం లేదు. అయినా మెత్తని ఆహారం దశలో రొయ్య చేపకు వెనకే ఉండాలి. రెండు మూడు నిమిషాల్లో ఉడికిపోయే రొయ్యను మనం మసాలా పట్టాలని పావుగంట పొయ్యి మీద ఉంచుతాము. అది రబ్బరులా మారుతుంది, ఎంత నమిలినా ముద్దగా కాదు. దశ చివరి వారాల్లో, చిన్న రొయ్యలను నల్ల నరం తీసి, సన్నగా తరిగి, రంగు మారగానే దింపి, మెత్తగా ఉడికిన ఆనపకాయలో కలిపి ఒకటి రెండు చెంచాలతో మొదలుపెట్టవచ్చు. పెద్ద రొయ్యను అలాగే కొరికి తినడం ఈ దశలో వద్దు.

పీత కండ రొయ్య కండకంటే మెత్తన, పొరలుగా విడుతుంది. మెత్తదనంలో పీతే మేలు. చిక్కంతా డొల్ల పెంకులతోనే. పీతను ఉడికించి కండను ఇంకొకరు తీసి, పళ్ళెంలో పరిచి, వేళ్ళతో వెతికి పెంకు లేదని తేల్చుకున్నాకే వడ్డించాలి. కాళ్ళు చప్పరిస్తూ పులుసుతో తినే పద్ధతి ఈ దశలో కుదరదు. చప్పరింపుతో గాలి కూడా లోపలికి పోయి కడుపు ఉబ్బుతుంది. స్క్విడ్, ఆలిచిప్పలు వంటివి సాగే స్వభావం ఉన్నవి కనుక వాటి గురించి ఇప్పుడు ఆలోచించనవసరం లేదు. రొయ్య, పీత గతంలో ఒంటికి పడనివారికి ఇప్పుడూ పడవు. దద్దుర్లు, పెదవుల వాపు వచ్చిన చరిత్ర ఉంటే అసలు ముట్టకండి.

వండే పద్ధతి: ఇక్కడే సగం ఎంపిక జరుగుతుంది

ఒకే చందువా ముక్క పెనం మీద కరకరలాడితే ఈ దశకు తగనిది, ఆవిరిలో ఉడికితే తగినది. వేపుడులో పై పొర గట్టిపడి చిన్న పెంకుల్లా ఊడుతుంది, నూనె బైపాస్ అయినవారికి కడుపులో తిప్పడానికి, విరేచనాలకు దారితీయవచ్చు.

పులుసు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో చేప అంటే పులుసే. ముక్క పులుసులో తడిగా ఉంటుంది, మర్నాటికి ఇంకా మెత్తబడుతుంది. ఆ మేరకు పులుసు ముక్క వేపుడు ముక్కకంటే మంచిదే. కానీ చిక్కని చింతపండు రసం, కారం, పైన తేలే నూనె, ఎక్కువ ఉప్పు మానుతున్న లోపలి పొరను మండిస్తాయి. స్లీవ్ అయినవారిలో పులితేన్పులు, గుండెలో మంట ఎక్కువగా కనిపిస్తాయి. వారికి చింతపండు మరీ ఇబ్బంది. ఇంట్లో అందరికీ పులుసు పెడుతున్నప్పుడు రోగికి విడిగా వండే వీలు లేకపోతే, చింతపండు పులుసు, కారం పోయకముందే రెండు ముక్కలను పక్కకు తీసి ఉడికించడం అన్నిటికంటే సులభమైన మార్గం. ఉడికిన పులుసు ముక్కను నీళ్ళతో కడిగి ఇవ్వడం కంటే ఇది ఎంతో నయం. కడిగితే పై కారం పోతుందే గాని లోపలికి పట్టిన పులుపు, ఉప్పు పోవు.

ఆవిరి పద్ధతికి ప్రత్యేకమైన పాత్రలు అక్కరలేదు. తోలు తీసిన ముక్కకు పసుపు, చిటికెడు ఉప్పు, తురిమిన అల్లం రాసి, ఇడ్లీ పాత్రలో చిన్న గిన్నెలో పెట్టి మూత పెడితే, వేలు మందం ముక్క పది నిమిషాలలోపు ఉడుకుతుంది. గిన్నెలో ఊరిన నీటిని పారబోయకండి. ముక్కను శుభ్రమైన వేళ్ళతో పొరలు పొరలుగా విడదీస్తూ ముల్లు వెతికి, ఆ నీటినో, పలుచని కందికట్టునో, చిలికిన పెరుగునో చెంచాడు కలిపి తడిగా ఇవ్వండి. చెంచా కంటే వేలే ముల్లును బాగా పసిగడుతుంది కనుక విడదీసే పని చేత్తోనే చేయాలి. మళ్ళీ వేడిచేస్తే చేప ఎండుతుంది కాబట్టి ఒక పూటకు సరిపడా వండుకోవడం ఉత్తమం.

ఎండు చేపలు, ఉప్పు చేపలు, ఎండు రొయ్యపొట్టు ఈ దశలో పూర్తిగా మానాలి. గట్టిదనం ఒక కారణం, ఉప్పు మరొక కారణం. నీళ్ళు చాలినంత తాగలేని రోజుల్లో అంత ఉప్పు శరీరానికి భారం.

చేప తింటే ఆపరేషన్ పుండు చీము పడుతుందన్న నమ్మకం మనవైపు బలంగా ఉంది. శుభ్రంగా వండిన చేప అలా చేస్తుందనడానికి ఆధారం లేదు. గాయం మానడానికి కావలసిన ప్రోటీన్ అందులోనే ఉంది. చేప తిన్న రోజు పాలు ముట్టకూడదని, బొల్లి వస్తుందని చెప్పే మాటకూ ఆధారం లేదు. ఈ భయంతో పాలలో కలిపే ప్రోటీన్ పొడి మానేస్తే జరిగే నష్టం మాత్రం నిజమైనది.

ఎంత, ఎలా

ఈ దశలో రోజుకు సాధారణంగా 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ తీసుకోమంటారు. వండిన చేప 30 గ్రాములకు, అంటే రెండు పెద్ద చెంచాలకు, ఆరేడు గ్రాముల ప్రోటీన్ వస్తుంది. ఇది దాదాపు ఒక కోడిగుడ్డుతో సమానం. చేప ఒక్కటే ఆ లెక్కను పూరించదు. గుడ్డు, పెరుగు, పప్పు, డాక్టరు రాసిన పొడి అన్నీ కలవాల్సిందే. మొదటి రోజు ఒక చెంచా చాలు; ఇబ్బంది లేకపోతే రెండు, మూడు చెంచాలకు పెంచండి. కొత్త చేపను కొత్త కూరగాయతో ఒకే పూట కలపకండి. కడుపుకు పడనిది ఏదో అప్పుడే తెలుస్తుంది.

అన్నంలో చేప కలుపుకుని తినడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇప్పుడు అన్నం ముందు వెళితే కొద్దిపాటి చోటు నిండిపోతుంది, ముద్ద అంటుకుని ఆగుతుంది. చేప ముందు తినాలి. అన్నం డాక్టరు అనుమతించాకే, చివరన, మెత్తగా. చిటికెన వేలి గోరంత ముక్కను ఇరవై ముప్పై సార్లు నమిలి, ఆ పూటను ఇరవై ముప్పై నిమిషాల్లో ముగించాలి. తింటూ నీళ్ళు, మజ్జిగ, చోడి అంబలి తాగకూడదు. తిన్న అరగంట తరువాత గుటక గుటకగా మొదలుపెట్టాలి. రొమ్ము మధ్య బరువుగా తోచినా, నోట్లో నురుగులా ఉమ్మి ఊరినా, అదే చివరి ముద్ద.

ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించడం, అరటిపండు మింగించడం మనం చూస్తూ పెరిగిన చిట్కాలు. శస్త్రచికిత్స అయినవారికి ఇవి చేయవద్దు. ముల్లును ఇంకా కిందికి నెట్టి, పైనుంచి ముద్దను అడ్డం పెట్టినట్లవుతుంది. ఆసుపత్రికి వెళ్ళాలి. ముక్క అడ్డుపడితే నీళ్ళతో దింపాలని చూడకుండా నిటారుగా కూర్చుని ఆగాలి. కొన్ని గంటలకూ తగ్గకపోయినా, గుటక నీళ్ళు కూడా నిలవకపోయినా సర్జన్‌కు ఫోన్ చేయాలి. రోజుల తరబడి వాంతులు కొనసాగితే విటమిన్ బి1 లోపించి నరాలు దెబ్బతినే ప్రమాదముంది కనుక "రేపు చూద్దాం" అనుకోకూడదు. జ్వరం, గుండె దడ, తీవ్రమైన కడుపునొప్పి వస్తే అది చేపకు సంబంధించిన విషయమే కాకపోవచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి.

కిడ్నీ జబ్బు, గౌట్ ఉన్నవారికి

కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత విస్తారంగా ఉందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. అక్కడివారు గాని, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయనప్పుడు పెరిగే వ్యర్థం) ఎక్కువగా ఉన్నవారెవరైనా గాని పైన చెప్పిన ప్రోటీన్ లెక్కను యథాతథంగా తీసుకోకూడదు. వారి కొలతను సర్జన్, కిడ్నీ డాక్టరు కలిసి నిర్ణయించాలి. బరువు వేగంగా తగ్గే తొలి నెలల్లో గౌట్ ఉన్నవారికి కీళ్ళనొప్పి తిరగబెట్టవచ్చు. నెత్తళ్ళు, కవళ్ళలో యూరిక్ ఆమ్లంగా మారే ప్యూరిన్లు బాగా ఎక్కువ కనుక వారికి చందువా, పండుగప్పలే భద్రం, అవి కూడా డాక్టరు చెప్పిన మితంలో.

కొనే ముందు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. మెత్తని ఆహారం దశ ఆ రోజుల్లో పడేట్లయితే, తీరంలో తెప్పల మీద పట్టి తెచ్చిన కొద్దిపాటి తాజా చేప దొరికితే తీసుకోండి. లేకపోతే కొర్రమీను, చెరువు పండుగప్ప, ఆ తరువాత బాసా అన్న వరుసలో చూడండి. నిషేధ కాలంలో "సముద్రపు చేప" అని బండి మీద అమ్మేది ఎక్కడిదో, ఎన్నాళ్ళ కిందటిదో అడగడానికి మొహమాటపడకండి. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. మొప్ప ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కిన చోట గుంట పడి నిలవకూడదు. కోసేవారికి ముందే చెప్పండి: తోలు తీసి, తల, తోక వేరుచేసి, నడుమ భాగాన్ని వేలు మందాన, ముల్లు తునకలు కాకుండా ఒకే వేటుకు తెగేట్లు కోయమని. ముల్లు నలిగి తునకలైతే ఇంట్లో ఎంత వెతికినా దొరకవు. మంచు వేయించుకుని ఇంటికి తెచ్చి, రోగి కోసం తీసిన ముక్కలను ముందుగా, ఆ పూటే వండండి.